మాటకు చోటు చూపిన మహనీయుడు: చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

మాటకు విలువ రెండు విధములుగా కలుగును. ఒకటి దాని అర్థము వలన, రెండవది అది నిలిచిన చోటు వలన. సభలో తన ఆసనమును విడిచి వేరొకరి ఆసనమున కూర్చున్న పెద్దమనిషి ఎంతటివాడైనను నవ్వులపాలగును గదా! వాక్యములో చోటు తప్పిన విశేషణము గతియు అంతే. అది ఎవరిని గురించి చెప్పవలెనో వారిని విడిచి, ప్రక్కనున్న మరొకరి మెడకు చుట్టుకొనును. ఆంగ్లము వ్రాయు మన విద్యార్థులకు తరచుగా కలుగు చిక్కు ఇదియే. వారికి పదములు తెలియును, వ్యాకరణ సూత్రములు కంఠస్థమై ఉండును. అయినను వాక్యము తయారైన తరువాత చూచినచో జ్వరము విద్యార్థికి గాక ప్రిన్సిపాలుగారికి వచ్చినట్లు ఉండును.

ఈ చిక్కును రెండవ తీరము నుండి ఎదుర్కొన్న వ్యక్తి ఒకరు ఉండిరి. ఆంగ్లము మాతృభాషగా గలిగి, తెలుగు వాక్యమునకు గల వేరొక నడకను తెలిసికొనుటకై తన ఆయువును, ధనమును వెచ్చించిన ఆ మహనీయుడే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన కరీంనగరమునకుగాని ఆదిలాబాదునకుగాని ఉద్యోగరీత్యా వచ్చినవారు కారు. ఆ కాలమున ఈ సీమ నిజాము ప్రభువుల ఏలుబడిలో ఉండినది, ఆయన కుంపిణీవారి మద్రాసు రాజధానిలో పనిచేసినారు. అయినను ఉర్దూ, తెలుగు రెండును కలిసి నడచు మనవంటి విద్యాలయమున ఆయన జీవితమును స్మరించుకొనుట ఎంతయు సముచితము. ఎందుచేతననగా తెలుగులో కలిసిపోయిన పారసీక, హిందూస్తానీ పదములకు ప్రత్యేకముగా నిఘంటువు కూర్చిన పండితుడు ఆయనయే.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించినారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యులు. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో ఉన్నతపదవి నిర్వహించినవారు. ఇంటి వాతావరణమే భాషలది. తండ్రి 1812లో మరణింపగా కుటుంబము ఇంగ్లాండునకు తరలిపోయినది. అక్కడ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులను తీర్చిదిద్దు హెయిలీబరీ కళాశాలలో విద్య ముగించుకొని, 1817లో బ్రౌన్ మద్రాసు నగరమున అడుగుపెట్టినారు. అప్పటికి ఆయన వయస్సు ఇంకను పందొమ్మిది నిండలేదు.

మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో ఆయనకు తెలుగు నేర్పిన గురువు వెలగపూడి కోదండరామ పంతులు. 1820లో మద్రాసు గవర్నరు పదవిని స్వీకరించిన సర్ థామస్ మన్రో, యువ ఉద్యోగులు ప్రజల భాషను చక్కగా నేర్వవలెనని, భాష తెలియని అధికారి ప్రజల కష్టసుఖములు ఎరుగజాలడని హితవు చెప్పినారు. ఆ మాట బ్రౌన్ హృదయమున నాటుకొన్నది. అదే సంవత్సరమున కడప కలెక్టరు హాన్బరీకి సహాయకుడుగా వెళ్ళినారు. హాన్బరీ తెలుగులో ధారాళముగా మాటలాడువారు. కచ్చేరీకి వచ్చు రైతుతో దుబాసీ నడుమ లేకుండ మాటలాడుట ఎంత మేలో బ్రౌన్ అక్కడ ప్రత్యక్షముగా చూచినారు. తరువాత మచిలీపట్నము, రాజమహేంద్రవరము మున్నగు తావులలో పనిచేసి మరల కడప చేరినారు.

ఆ దినములలో ఒక ఫ్రెంచి మతగురువు, అబ్బే డూబ్వా, హిందూ దేశాచారములను గురించి వ్రాసిన గ్రంథములో వేమన పేరు ఆయనకు కనబడినది. 1824 నాటికి వేమన పద్యముల వ్రాతప్రతులు సేకరింప మొదలిడినారు. ఆ ప్రతులు చూడగా ఒక దానికొకటి పొంతన లేదు. ఒక తాటియాకు ప్రతిలో ఉన్న పదము వేరొక ప్రతిలో మరొక పాదమునకు జరిగియుండును. లేఖకుడు నిద్రమత్తులో చేసిన పొరపాటు పద్యము అర్థమునే తారుమారు చేయును. బ్రౌన్ పలు ప్రతులను ఎదురెదురుగా పెట్టించి, పండితులచే సరిచూపించి, ఒక్కొక్క పద్యమునకు అన్వయము తేల్చుకొని, ఆంగ్లానువాదముతో 1829లో 693 పద్యములను ప్రకటించినారు. అంతటితో తృప్తిపడక 1839లో 1164 పద్యములతో రెండవ కూర్పు వెలువరించినారు.

అన్వయము అను మాట ఇక్కడ ముఖ్యము. పద్యములో ఛందస్సు కొరకు చెదరియున్న పదములను ఏది దేనికి చెందునో గుర్తించి దగ్గరకు చేర్చుటయే అన్వయము. మన పొరుగున మెతుకుసీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు వ్రాయునప్పుడు ఈ మార్గమునే పట్టినారు. మంథని, ధర్మపురి పండితుల ఇండ్లలో శ్లోకము నేర్చిన పిల్లవానికి మొదట నేర్పునదియు ఇదియే. ఎవడు, ఏమి చేసెను, ఎట్టివాడు, ఎట్టి దానిని అని ఒక్కొక్క ప్రశ్న వేసికొని పదమును దాని యజమాని కడకు చేర్చుదురు. ఈ ప్రశ్నలే ఆంగ్ల వాక్యమునకును మందు అని మన విద్యార్థులు గుర్తించిన చాలును.

కడపలో బ్రౌన్ ఒక బంగళా కొని, అందులో పండితులను ఉంచి, స్వంత జీతము నుండి వారికి జీతములిచ్చి పోషించినారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి విద్వాంసులు ఆయన కొలువులో కావ్యములకు శుద్ధప్రతులు, టీకలు సిద్ధము చేసినారు. కడపలో, మచిలీపట్నములో పేద పిల్లల కొరకు ఉచిత పాఠశాలలు నడిపించినారు. వీటన్నిటికిని జీతము చాలక అప్పులు చేసినారు. అప్పులవారికి వడ్డీలు కట్టుచునే తాళపత్రములకు వెల చెల్లించిన దొర ఆయన.

ఆయన జీవితమున కఠిన పరీక్ష గుంటూరులో ఎదురైనది. 1832-33 సంవత్సరములలో, అనగా నందన నామ సంవత్సరమున, ఆ జిల్లాను ఘోరమైన కరువు కబళించినది. లక్షకు పైగా జనులు ప్రాణములు కోల్పోయినారు. ఊళ్ళకు ఊళ్ళు పాడుబడినవి. అప్పుడు గుంటూరు బాధ్యత బ్రౌన్ చేతిలో నున్నది. పైఅధికారులు తమ కాగితములలో ధాన్యపు కొరత అను మెత్తని మాటను కోరినారు. కొరత అనినచో ధాన్యమునకు విశేషణము, కరువు అనినచో మనుష్యుల ప్రాణములకు సంబంధించిన మాట. బ్రౌన్ ఉన్నది ఉన్నట్లుగా కరువు అనియే వ్రాసినారు. అందుకు ప్రభుత్వము మెచ్చుకొనలేదు సరికదా, మందలించినది. ఆపదను దాని పేరుతో పిలుచుట ఆ అధికారులకు అపరాధముగా తోచినది.

ఈ సంఘటనను వ్యాకరణ పాఠమునకు సంబంధము లేనిదిగా తలంపరాదు. ఒక ఉదాహరణమును మనమే ఊహించి చూతము. కరువు నివేదికలో ఒక గుమాస్తా ఆంగ్లమున ఇట్లు వ్రాసినాడనుకొనుడు: స్టార్వింగ్ బై ద రోడ్‌సైడ్, ద ఆఫీసర్స్ సా హండ్రెడ్స్ ఆఫ్ పీపుల్. ఈ వాక్యము ప్రకారము దారి ప్రక్కన ఆకలితో అలమటించినవారు అధికారులు! జనులు ఊరకే కనబడినవారు. ఆకలి అను మాట ఎవరిదో వారి ప్రక్కన లేదు. ద ఆఫీసర్స్ సా హండ్రెడ్స్ ఆఫ్ పీపుల్ స్టార్వింగ్ బై ద రోడ్‌సైడ్ అని వ్రాసిననే ఆకలి ఆకలిగొన్నవారికి దక్కును. మాటను మెత్తబరచి సత్యమును దాచువాడు ఒక విధముగా, మాట చోటు తప్పించి సత్యమును చెదరగొట్టువాడు మరొక విధముగా, చదువరికి అన్యాయమే చేయుచున్నారు. మొదటివానిది భయము, రెండవవానిది అజాగ్రత్త. ఫలితము మాత్రము ఒక్కటే.

1834లో బ్రౌన్ ఉద్యోగము నుండి తొలగింపబడి, ఇంగ్లాండు చేరినారు. మరొకడైనచో ఇక ఈ దేశముతో తనకేమి పని అని ఊరకుండెడివాడు. ఆయన లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయమున దుమ్ము పట్టి పడియున్న దక్షిణదేశ భాషల వ్రాతప్రతులను వెదకి, పట్టికలు కట్టి, 2106 గ్రంథములను మద్రాసునకు తిరిగి పంపించు ఏర్పాటు చేసినారు. పోగొట్టుకొన్న చోటికే సొత్తును చేర్చిన ఈ ఉపకారమునకు తెలుగువారు మాత్రమే గాక దక్షిణాదివారందరు ఋణపడియున్నారు.

1838లో మద్రాసు ప్రభుత్వము ఆయనను తిరిగి కొలువులోనికి తీసికొని పారసీక భాషానువాదకునిగా నియమించినది. తరువాత పోస్టుమాస్టర్ జనరల్ పదవియు, తెలుగు అనువాదకుని పనియు ఆయన నిర్వహించినారు. ఆ కాలపు కచ్చేరీ భాష మూడు నదుల సంగమము. రైతు మాట తెలుగు, దస్తరపు మాట పారసీ-ఉర్దూ, హుకుము ఆంగ్లము. జమాబందీ, దస్తావేజు, రసీదు, సిరస్తాదారు, తహసీలు వంటి మాటలు తెలుగు వాక్యమున కలిసిపోయి తెలుగు విభక్తులనే ధరించినవి. ఛాందసులు వీటిని అన్యదేశ్యములని త్రోసివేసినను, జనుల వాడుకలో నున్న మాటకు నిఘంటువులో చోటు ఉండవలెనని బ్రౌన్ నమ్మినారు. అందుచే మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకముగా 1854లో అచ్చువేయించినారు. నేటికిని సిరిసిల్లలోగాని నిర్మలులోగాని పాత భూమి కాగితములు చదువబూనిన వానికి ఇటువంటి పదములు తెలియక కార్యము నెరవేరదు.

ఆయనకు కీర్తి తెచ్చిన ఇతర గ్రంథములు జగద్విదితములు. ఆంగ్లములో తెలుగు వ్యాకరణము 1840లో వెలువడినది. అంతకు మునుపే విలియం కేరీ 1814లో, ఎ.డి. క్యాంబెల్ 1816లో ఆంగ్లేయుల కొరకు తెలుగు వ్యాకరణములు వ్రాసియున్నారు. బ్రౌన్ వాడుక భాషను ముందుంచుకొని తన మార్గమున తాను నడచినారు. 1852 ప్రాంతమున తెలుగు-ఆంగ్ల, ఆంగ్ల-తెలుగు మహానిఘంటువులు ముద్రితమైనవి. అదే 1852లో వాక్యావళి అను చిన్న గ్రంథమును కూడ ప్రకటించినారు. ఇది ఆంగ్లము, తెలుగు రెండింటి నుడికారములకు అభ్యాస గ్రంథము. నిఘంటువు మాటకు మాట ఇచ్చును గాని వాక్యమునకు వాక్యము ఈయజాలదు. ఆ లోటు తీర్చుటకే నుడికారపు అభ్యాసములు కావలసివచ్చును.

ఆ లోటు ఎక్కడ ఏర్పడునో కొంచెము పరిశీలింతము. తెలుగున విశేషణము తన విశేష్యమునకు ముందే నిలుచును. చిరిగిన పుస్తకమును దుకాణములో కొన్నాను అనునప్పుడు చిరిగిన అను మాట పుస్తకమును వదలిపోదు. ఆంగ్లమున ఇదే భావము విశేష్యమునకు తరువాత వచ్చు ఉపవాక్యముగా మారును. అప్పుడు విద్యార్థి తొందరపడి ఐ బాట్ ఎ బుక్ ఫ్రం ఎ షాప్ విచ్ వాజ్ టార్న్ అని వ్రాయును. చిరిగినది దుకాణమైనది! విచ్ అను మాటకు ముందు ఏ నామవాచకము నిలిచియున్నదో చదువరి దానినే పట్టుకొనును. ఫ్రం ఎ షాప్ ఐ బాట్ ఎ బుక్ విచ్ వాజ్ టార్న్ అనినను, ఐ బాట్ ఎ టార్న్ బుక్ ఫ్రం ఎ షాప్ అని ఇంకను సులువుగా వ్రాసినను దోషము తొలగును.

రెండవ చిక్కు క్త్వార్థకమునది. పాణిని మహర్షి రెండు క్రియలకు కర్త ఒక్కడే అయినప్పుడు ముందు జరిగిన క్రియకు ఈ రూపము వచ్చునని నియమించినారు. ఇంటికి పోయి అన్నము తిన్నాను అనునప్పుడు పోయినవాడును తిన్నవాడును ఒక్కడే. ఉర్దూలో ఘర్ జాకర్ ఖానా ఖాయా అనుటయు ఇట్టిదే. అయితే తెలుగు వాడుక ఈ నియమమును అప్పుడప్పుడు సడలించును. వర్షము కురిసి చెరువు నిండినది అందుము. కురిసినది వర్షము, నిండినది చెరువు. తెలుగు చెవికి ఇది సహజము. దీనినే హావింగ్ రెయిన్డ్ హెవిలీ, ద ట్యాంక్ ఫిల్డ్ అప్ అని ఆంగ్లీకరించినచో చెరువే వాన కురిసినదని అర్థము వచ్చును. యాజ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్ హెవిలీ, ద ట్యాంక్ ఫిల్డ్ అప్ అని కురియుటకు దాని కర్తను దానికి ఇచ్చిన గాని వాక్యము నిలువదు.

అట్లే మంచిర్యాల స్టేషనుకు పోయి చూడగా రైలు వెళ్ళిపోయినది అని మనము చెప్పుదుము. ఉర్దూ మాటలాడు మిత్రులు స్టేషన్ జాకర్ దేఖా తో గాడీ జా చుకీ థీ అందురు. రెండింటిలోను చూచినవాడు నేనే అని వినువానికి తెలియును. గోయింగ్ టు ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్ అని ఆంగ్లమున వ్రాసినచో స్టేషనుకు పోయినదియు రైలే, అక్కడ నుండి వెళ్ళిపోయినదియు రైలే! నేను అనువాడు వాక్యములో ఎక్కడను లేడు. లేనివానికి విశేషణము తగిలించుట గోడ లేకయే చిత్తరువు వ్రేలాడదీయుట వంటిది. గోయింగ్ టు ద స్టేషన్, ఐ ఫౌండ్ దట్ ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్ అనినప్పుడు గోడయు, చిత్తరువు రెండును ఉన్నవి.

సెలవు చీటీలలోని సఫరింగ్ ఫ్రం ఫీవర్, ద ప్రిన్సిపాల్ గ్రాంటెడ్ మి లీవ్ అను వాక్యము రోగమును ప్రిన్సిపాలుగారికి అంటగట్టునది ఇందువలననే. తెలుగున జ్వరముతో బాధపడుచున్న నాకు సెలవిచ్చినారు అనునప్పుడు బాధపడుచున్న అను మాట నాకు అను మాటను గట్టిగా పట్టుకొన్నది. ఆంగ్లమున కామా దాటిన వెంటనే వచ్చు కర్తయే ఆ భారమును మోయవలెను.

మూడవది ఓన్లీ అను చిన్నమాట. తెలుగున వృద్ధులకే బియ్యము ఇచ్చినారు, వృద్ధులకు బియ్యమే ఇచ్చినారు అను రెండింటికిని గల భేదము పల్లెటూరి పిల్లవానికి కూడ తెలియును. మన ఏకారము తాను బలపరచు పదమునకు అంటుకొనియే ఉండును. ఉర్దూలోని హీ అను మాటయు ఆ పదము వెన్నంటియే నడచును. ఆంగ్లపు ఓన్లీ మాత్రము స్వేచ్ఛగా తిరుగును గనుక దానిని పట్టి తగినచోట నిలుపవలెను. హి గేవ్ రైస్ ఓన్లీ టు ద ఓల్డ్ అనినచో వృద్ధులకే. హి గేవ్ ఓన్లీ రైస్ టు ద ఓల్డ్ అనినచో బియ్యమే. కరువు దినములలో ఇటువంటి ఉత్తర్వు ఒకటి చోటు తప్పినచో పిల్లల తల్లికి గింజ దక్కునో దక్కదో ఆలోచింపుడు.

ఆఫెన్ వంటి మాటలు రెండు క్రియల నడుమ చిక్కుకొని ఎటు చూచుచున్నవో తెలియక మెల్లకన్ను వేయుటయు కలదు. స్టూడెంట్స్ హూ రీడ్ ఆఫెన్ పాస్ అనినచో తరచుగా చదువువారా, తరచుగా ఉత్తీర్ణులగువారా? వాక్యము చెప్పజాలదు. అయితే జనరల్లీ స్పీకింగ్, కన్సిడరింగ్ వంటి కొన్ని మాటలకు కర్త లేకున్నను ఆంగ్లేయులు చిరకాల వాడుక వలన మన్నించినారు. వాడుకయే భాషకు తుది న్యాయస్థానమని బ్రౌన్ జీవితము చెప్పు పాఠము ఇక్కడను వర్తించును.

కావున దోషమును గుర్తించుటకు మూడు ప్రశ్నలు చాలును. ఈ పని చేసినది, లేక ఈ స్థితిలో నున్నది ఎవరు? వారి పేరు వాక్యములో ఉన్నదా? ఉన్నచో ఈ మాట వారి ప్రక్కనే ఉన్నదా? పేరు లేకున్నచో దానిని కర్తగా తెచ్చి నిలుపవలెను, లేదా ఆ భాగమునకు ప్రత్యేకముగా కర్తను ఇచ్చి ఉపవాక్యము చేయవలెను. పేరు దూరముగా ఉన్నచో మాటను దగ్గరకు జరుపవలెను. మల్లినాథుడు శ్లోకమునకు చేసినది, బ్రౌన్ వేమన పద్యమునకు చేయించినది ఇదియే గదా!

బ్రౌన్ 1855లో భారతదేశమును విడిచి లండను చేరినారు. విశ్రాంతి కాలమునను తెలుగును విడువలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్య పదవిని స్వీకరించినారు. తన సాహిత్య జీవితమును గూర్చి తానే ఆంగ్లమున ఒక చిన్న గ్రంథము వ్రాసికొన్నారు. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో పరమపదించినారు. ఆయన పార్థివ దేహము అక్కడి కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో విశ్రమించియున్నది. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలమున ఆయన పేరిట గ్రంథాలయము, భాషా పరిశోధన కేంద్రము నెలకొన్నవి.

మన ప్రాంతమునకు భాషాంతరీకరణము క్రొత్త విద్య కాదు. 1917లో హైదరాబాదున నెలకొల్పబడిన దారుత్తర్జుమా ఆంగ్ల శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చి, మరుసటి సంవత్సరము వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పాఠ్యగ్రంథములు సమకూర్చినది. ఇంట తెలుగో ఉర్దూయో మాటలాడి, కళాశాలలో ఆంగ్లము వ్రాయు మన విద్యార్థి ప్రతిదినము ఆ పనినే చిన్న ఎత్తున చేయుచున్నాడు. అతని తప్పు తెలివితక్కువతనము వలన పుట్టినది కాదు. ఒక భాషలో సొగసైన నడక వేరొక భాషలో తడబాటు అగుటయే దానికి మూలము. బ్రౌన్ కూడ తెలుగును ఆంగ్లపు అడుగుజాడలలో నడిపింపక, తెలుగు నడకను తెలుగువారి నుండియే నేర్చినారు. మనము ఆంగ్లమును ఆంగ్లపు నడకతో నేర్చుటకు సిగ్గుపడనక్కరలేదు, మన నడకను చిన్నచూపు చూడనక్కరయు లేదు.

రేపు ఈ విద్యార్థులలో ఒకడు తహసీలు కార్యాలయమున నివేదిక వ్రాయవచ్చును, మరొకతె ఆసుపత్రిలో రోగి పరిస్థితిని నమోదు చేయవచ్చును. ఎవరి ఆకలి, ఎవరి జ్వరము, ఎవరికి మాత్రమే బియ్యము అను సంగతులు వారి కలము కొనయందు నిలుచును. నాడు గుంటూరులో కరువును కరువని వ్రాసిన ఆ చేతిని తలంచుకొని, మాటను దాని యజమాని ప్రక్కన నిలిపి, మరొకమారు చదివి, ఆ పిమ్మటనే సంతకము చేయుదురు గాక!